ఏటా పదిహేను లక్షలు ఇద్దామనుకుంటున్నాం: నాటకాలకా, క్యాన్సర్ పరిశోధనకా, ఊరికా?

తెనాలి మిల్లు:

నమస్కారమండీ. మాది తెనాలి, మినప్పప్పు మిల్లు. నాన్నగారు పెట్టింది, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. బ్యాంకు అప్పులు తీరిపోయాయి. ఇక నుంచి లాభంలోంచి ఏటా పదిహేను లక్షల దాకా తీసి మంచి పనులకు ఇద్దామని ఇంట్లో అనుకున్నాం. ఇవ్వాలా వద్దా అన్న దగ్గర పేచీ లేదు. ఎవరికివ్వాలి అన్న దగ్గరే తలో మాటా అంటున్నారు.

నాన్నగారికి పద్యనాటకం అంటే ప్రాణం. మిల్లులో సరుకు ఎంత హడావుడిగా దిగుతున్నా, పక్క ఊళ్లో నాటకం ఉందంటే గుమాస్తా చేతికి తాళాలిచ్చి వెళ్లిపోయేవారు. పద్యం బాగా పాడిన నటుడి దగ్గరికి స్టేజీ ఎక్కి వెళ్లి, చొక్కాకి నోటు పిన్నుతో గుచ్చి వచ్చేవారు. మా చిన్నప్పుడు ఆయన జేబులో ఎప్పుడూ ఒక గుండుసూదుల పొట్లం ఉండేది. అందుకని ఆయన పేరు మీద నాటకాలకు ఇవ్వాలని నాకు.

అమ్మ బ్లడ్ క్యాన్సర్‌తో పోయింది. హైదరాబాద్‌లో చూపించాం, మందులన్నీ వాడాం. ఈ రకానికి ఇంకా సరైన మందు రాలేదండీ, పరిశోధనలు జరుగుతున్నాయి అని డాక్టరమ్మ చెప్పిన మాట మా ఆవిడ మనసులో ఉండిపోయింది. డబ్బంతా పరిశోధనకే ఇవ్వాలంటుంది.

తమ్ముడిది ఇంకో దారి. మా సొంత ఊరు లంకల వైపు. అక్కడి పెద్దలు మంచినీళ్ల ప్లాంటు అడుగుతున్నారు. దాంతోపాటు ఊరి మొదట్లో నాన్నగారి పేరుతో ఆర్చి కూడా కట్టిద్దామంటాడు వీడు.

మూడింటికీ తలా కాస్త ఇస్తే ఏదీ సరిగా అవదేమోనని భయం. మా చుట్టాల్లో ఒకాయన అన్నదానం, కంటి శిబిరం, నోటు పుస్తకాలు, గుడికి మైకు సెట్టు, ఇలా అడిగిన అందరికీ ఇస్తూ వచ్చాడు. పేపర్లో ఫొటోలు బాగా పడ్డాయి. ఏం నిలబడింది అంటే ఆయనే చెప్పలేడు. అయినా పదిహేను లక్షలకు పరిశోధన ఏం జరుగుతుంది, అది టాటాలూ బిర్లాలూ చేసే పని కదా అని ఇంకో అనుమానం. సొంతంగా ట్రస్టు పెట్టుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు ఆడిటర్:

మీ ఆడిటర్ మాటలో నేను వేలు పెట్టను, మామూలుగా ఉండే నాలుగు సంగతులు చెప్తాను.

సీఎస్ఆర్, అంటే కంపెనీలు లాభంలో కొంత సమాజానికి ఖర్చు పెట్టాలన్న నియమం, ఆ గొడవ మీకు లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం అది కంపెనీలకు మాత్రమే. అదీ నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటితేనే. అలాంటివాళ్లు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. మీది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయి ఉంటుంది, కాబట్టి ఎంత ఇస్తారు, దేనికిస్తారు అన్నది పూర్తిగా మీ ఇష్టం. పెద్ద కంపెనీలు ఏ పద్దులో పడుతుందా అని చూసుకుంటూ ఇస్తాయి. మీకు ఆ తలనొప్పి లేకపోవడం పెద్ద సుఖం.

80జి (విరాళాల మీద పన్ను మినహాయింపుకి పాత చట్టంలోని సెక్షన్) ఉన్న సంస్థకు ఇస్తే ఫర్మ్‌కి మినహాయింపు వస్తుంది. చాలా ప్రైవేటు ట్రస్టుల విషయంలో ఇచ్చినదాంట్లో సగానికే, అదీ ఆదాయంలో 10 శాతం పరిమితికి లోబడి. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే పైసా రాదు. బియ్యం, పప్పు, మెషీన్ లాంటి వస్తువుల రూపంలో ఇచ్చినా రాదు. రసీదుతో సరిపెట్టుకోకుండా సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి. రిటర్ను వేసే ముందు మీ ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

సొంత ట్రస్టు ఇప్పుడే వద్దు. రిజిస్ట్రేషన్, ఏటా ఆడిట్, వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆశయాలకే వాడామని లెక్క చూపడం, వీటికే ఒక మనిషి కావాలి. రెండు మూడేళ్లు బాగా నడుస్తున్న సంస్థలకు ఇచ్చి చూడండి. చేయి తిరిగాక పెట్టుకోవచ్చు.

పాత లెడ్జరు:

మద్రాసులో ట్రస్టుల లెక్కలు రాసి రిటైరైన మనిషిని నేను. ఇచ్చినవాళ్ల ఉపన్యాసాలు పెద్దగా వినలేదు గానీ, వాళ్లిచ్చిన డబ్బు పదేళ్లయ్యాక ఏ పద్దు కింద తేలిందో బాగా చూశాను.

మీరు టాటాల పేరు ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. జంషెడ్‌జీ టాటాకి ఇద్దరు కొడుకులు, దొరాబ్జీ, రతన్. ఈ రతన్ మొన్న మొన్నటి రతన్ టాటా కాదు, 1918లో పోయిన సర్ రతన్ టాటా. ఆయన మీ చుట్టంలాగే నాలుగు వైపులా ఇచ్చినవాడు. దక్షిణాఫ్రికాలో గాంధీగారి పోరాటానికి లక్షా పాతిక వేలు పంపాడు. పాట్నాలో మౌర్యుల నాటి పాటలీపుత్రం తవ్వకాలకు పురావస్తు శాఖకి డబ్బిచ్చాడు. ఏరి ఏరి కొన్న బొమ్మలూ కళాఖండాలూ ఆయన పోయాక బొంబాయి మ్యూజియానికి చేరాయి. ఒకదానికొకటి సంబంధం లేని పనులు. అయినా ఏదీ నీళ్లపాలు కాలేదు.

అన్న దొరాబ్జీ కథ మీ ఇంటి కథకి దగ్గరగా ఉంటుంది. ఆయన భార్య మెహర్‌బాయి 1931లో ల్యుకేమియాతో, అంటే బ్లడ్ క్యాన్సర్‌తోనే పోయింది. మరుసటి ఏడాదే ఆమె పేరు మీద లేడీ టాటా మెమోరియల్ ట్రస్టు పెట్టాడు, ముఖ్యంగా ల్యుకేమియా పరిశోధనకి. ఇంచుమించు తన ఆస్తినంతా ఇంకో ట్రస్టుకి రాసేసి అదే 1932లో పోయాడు. వాళ్లింట్లో 245 క్యారెట్ల జూబిలీ వజ్రం ఒకటుండేది. 1924లో ఉక్కు ఫ్యాక్టరీ జీతాలకి కటకటలాడితే దాన్ని బ్యాంకులో కుదువ పెట్టి గండం గట్టెక్కారు. ఆయన పోయాక దాన్ని అమ్మితే వచ్చిన డబ్బు కూడా ట్రస్టుకే వెళ్లింది. ఆ ట్రస్టు డబ్బుతోనే 1936లో సోషల్ వర్క్ కాలేజీ (ఇప్పటి టిస్), 1941లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి, 1945లో టీఐఎఫ్ఆర్ అనే సైన్సు పరిశోధన సంస్థ వచ్చాయి. తర్వాత్తర్వాత నాట్యానికీ సంగీతానికీ బొంబాయి నారిమన్ పాయింట్‌లో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం. వైద్యం, సైన్సు, సమాజం, కళ, అన్నీ ఒకే మూటలోంచి!

కాబట్టి ఒకచోటే ఇవ్వాలా, మూడు చోట్లా అన్న ప్రశ్న నన్నడిగితే అంత ముఖ్యం కాదు. ఇచ్చిన ప్రతి చోటా ఆ పనిని నెత్తికెత్తుకున్న మనిషి ఉన్నాడా లేడా అన్నదే చూడాలి. టీఐఎఫ్ఆర్ కావాలని ట్రస్టువాళ్లకి కల రాలేదు. 1944లో హోమీ భాభా అనే కుర్ర సైంటిస్టు, ఇలాంటిది మన దేశంలో ఉండాలి, నేను నడుపుతాను అని ఉత్తరం రాశాడు. వాళ్లు ఆ ఉత్తరాన్ని నమ్మారు.

మన ఎల్వీ ప్రసాద్ గారిదీ అదే దారి. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, చేతిలో ఏమీ లేకుండా బొంబాయి వెళ్లి, మూడు భాషల తొలి టాకీల్లో వేషాలు వేసి, చివరికి స్టూడియోలూ ల్యాబులూ కట్టినవాడు. అమెరికాలోని రోచెస్టర్ నుంచి డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో కంటి సంస్థ పెట్టాలని వస్తే, ప్రసాద్ గారూ వాళ్లబ్బాయి రమేష్ ప్రసాద్ గారూ కోటి రూపాయలు, బంజారాహిల్స్‌లో ఐదెకరాలు ఇచ్చారు. 1987లో ఆసుపత్రి మొదలైంది. కంటి వైద్యం ఎలా చెయ్యాలో సినిమా ప్రొడ్యూసర్ చెప్పలేదు, డాక్టర్ చెప్పాడు. పేరు ప్రసాద్ గారిదే. కానీ ఆ పేరు మిగతా దాతలకి అడ్డం రాలేదు చూడండి. హైదరాబాద్ క్యాంపస్‌కి కల్లం అంజిరెడ్డి గారి పేరు, విశాఖ క్యాంపస్‌కి జీఎంఆర్ వరలక్ష్మి పేరు. 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో పెట్టిన కేంద్రానికి ఇంకో దాత పేరు. మీ తమ్ముడికి ఈ ముక్క చెప్పండి, నాన్నగారి పేరు ఆర్చి మీదే ఉండాలని ఏం లేదు.

అన్నట్టు, మనిషిని వేరే వెతుక్కోకుండా తనే ఆ మనిషైన వ్యాపారి మనకి ఒకడున్నాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టాడు. తలనొప్పి మందు మీద వచ్చిన లాభం తీసుకెళ్లి 1908లో ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మద్రాసులో దినపత్రిక, 1924లో భారతి, ఆ వెనకే ఆంధ్ర గ్రంథమాల. గ్రంథాలయాలకీ స్వరాజ్య ఉద్యమానికీ ఇచ్చింది వేరే. 1938లో ఆయన పోయాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు అందుకున్నారు, కాబట్టి భారతి అన్నేళ్లు నడిచింది. అందుకునే చెయ్యి లేకపోతే ఎంత పెద్ద దాతృత్వమైనా దాతతోనే అయిపోతుంది.

నా కళ్లతో చూసిన ఇంకో రకం కూడా చెప్పాలి. ఊరూ పేరూ వద్దు. ఒక వ్యాపారి తల్లి జ్ఞాపకార్థం ఒక చిన్న ఆసుపత్రికి స్కానింగ్ మెషీన్ కొనిచ్చాడు. మంత్రిగారు వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు. దాన్ని నడిపే టెక్నీషియన్ జీతం ఎవరిస్తారన్న సంగతి ఎవరూ మాట్లాడుకోలేదు. నేను స్టాక్ తనిఖీకి వెళ్లేసరికి స్టోర్ రూంలో దుప్పటి కప్పి ఉంది, హ్యాండిల్‌కి ఆ రిబ్బన్ ముక్క ఇంకా వేలాడుతోంది. నేను మాత్రం ఏటా పుస్తకంలో దానికి తరుగుదల రాస్తూ పోయాను. కట్టడానికీ కొనడానికీ ఇచ్చేవాళ్లు మన దగ్గర కొల్లలు. జీతానికి, కరెంటు బిల్లుకి, రిపేరుకి అంటే మొహం చిట్లిస్తారు. మీరు ఆ రెండో రకం ఖర్చుకి ఇస్తే పదిహేను లక్షలు పెద్ద డబ్బే.

రెండో బెల్లు:

తెనాలి మిల్లు గారికి నమస్కారం. నేను పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తాను. నాన్నగారి లాంటి మారాజుల వల్లే మా వృత్తి ఇన్నాళ్లు నిలిచింది. గుండుసూదుల పొట్లం అని చదవగానే నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇప్పుడు నోటు గుచ్చేవాళ్లు లేరు. ఫోన్ ఎత్తి వీడియో తీసుకుంటారు, అంతే.

తెనాలి వాళ్లకి నాటకం గురించి నేను చెప్పేదేముంది. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది మీ ఊళ్లోనే కదా. కాకపోతే దయచేసి సన్మానాలకు మాత్రం ఇవ్వకండి. ఈ మధ్య కళకి సాయం అంటే శాలువా, జ్ఞాపిక, ఫ్లెక్సీ అయిపోయింది. మా ఇంట్లో బీరువా పై అర నిండా శాలువాలే. మా ఆవిడ వాటిలో రెండు కుట్టించి దిండు గలీబులు చేసింది, ఆ జరీ గుచ్చుకుని నిద్ర పట్టదు. అదే బీరువా పక్కన నా లెగ్ హార్మోనియం ఉంటుంది. తిత్తి చిరిగితే అట్టముక్క అంటించి వాయిస్తున్నా. మధ్య స్థాయిలో రెండు రీడ్లు శ్రుతి తప్పాయి, పద్యం ఆ స్వరాల మీదకి వచ్చినప్పుడల్లా వేళ్లు తప్పించుకుని వెళ్లాలి. ఒక సన్మాన సభకి అయ్యే హాలు అద్దె, భోజనాలు, ఫ్లెక్సీలు లెక్కేస్తే ఇలాంటి పెట్టెలు ఎన్నో బాగుపడతాయి.

నాటకానికి డబ్బు ఎక్కడ అవుతుందో చెప్తాను. కిరీటాలు, భుజకీర్తులు, డ్రస్సులు అద్దెకి తేవాలి. మేకప్ మనిషి. వ్యాను. తబలా, క్లారినెట్ వాళ్ల రాత్రి కూలి. ఆర్టిస్టుకి మిగిలేది ఆ తర్వాతే. పరిషత్తు పోటీలకి వెళ్తే ప్రైజు వస్తే వచ్చినట్టు, లేకపోతే దారి ఖర్చులు చేతి నుంచే.

అసలు కరువు నేర్చుకునే పిల్లలది. గొంతున్న పిల్లలు ఉన్నారండీ, రీల్స్‌లో పాడుతున్నారు కూడా. పద్యం ఎక్కడ విరవాలి, రాగం ఎంత తియ్యాలి, ఎదుటి పాత్ర మొహం చూస్తూ ఎలా వదలాలి, ఇవి దగ్గర కూచుని నేర్పేవాడు కావాలి. అలాంటి పెద్ద నటులు మీ చుట్టుపక్కలే ఉన్నారు, ఖాళీగా అరుగు మీద కూచుని ఉన్నారు. ఒకాయనకి నెల జీతం ఇచ్చి, సాయంత్రం మిల్లు గోడౌన్‌లో ఒక మూల దీపం పెట్టిస్తే చాలు. లెడ్జరు అమ్మగారో అయ్యగారో అన్నట్టు, నెత్తికెత్తుకునే మనిషి మా దాంట్లో అయితే ముసలాయనే అవుతాడు. ఆయన ఉన్నప్పుడే పట్టుకోవాలి.

పాత లెడ్జరు:

అమ్మగారేనండీ. మిల్లు గోడౌన్ అన్న మాట నాకు నచ్చింది, అద్దె పద్దు తప్పుతుంది.

ఫ్రీజర్ తాళం:

మాది కరీంనగర్ దిక్కు. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో రక్త క్యాన్సర్ల మీద పనిచేస్తున్న. పదిహేను లక్షలతో పరిశోధన ఏం అవుతుంది అన్నరు కదా, దానికి లెక్కతోనే జవాబు చెప్త.

మన దేశంలో పీహెచ్‌డీ చేసే జూనియర్ ఫెలోకి 2023 నుంచి నెలకి 37,000, సీనియర్ అయినంక 42,000. ఇంటద్దె భత్యం వేరే. అంటే ఏడాదికి సుమారు ఐదారు లక్షల్లో ఒక మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా మీ అమ్మగారికి వచ్చిన జబ్బు మీదే కూర్చుంటరు. ఆ మనిషిని ఐదేళ్లు నిలబెట్టడం చిన్న సంగతి కాదు. ప్రాజెక్టు డబ్బు మధ్యలో ఆగి, ఫెలోషిప్ ఆలస్యమై, తెలివైన పిల్లలు వేరే ఉద్యోగాలకి పోవడం మేం రోజూ చూస్తం. పైన చెప్పిన లేడీ టాటా ట్రస్టు ఇప్పటికీ చేస్తున్నది ఇదే. మన దేశంల పీహెచ్‌డీ పిల్లలకి స్కాలర్‌షిప్పులు, బయటి దేశాల్లో ల్యుకేమియా మీద పనిచేసేవాళ్లకి అవార్డులు.

ఇంకోటి, ఎవరూ అడగని ఖర్చు. పేషెంట్ల దగ్గర తీసుకున్న రక్తం, మూలుగ శాంపిళ్లను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచిపెడతం. ఏళ్ల తర్వాత కొత్త పరీక్ష వస్తే ఆ పాత శాంపిలే బంగారం. ఫ్రీజర్ కొనడానికి గ్రాంటు దొరుకుతది. దాని మెయింటెనెన్స్ కాంట్రాక్టుకి, జనరేటర్ డీజిల్‌కి మాత్రం ప్రాజెక్టు అయిపోయినంక పైసలు ఉండవు. ఎండాకాలం రాత్రి కరెంటు పోతే ఫోన్‌కి అలారం వస్తది, టెన్షన్ అంతా ఇంతా కాదు. ఒకసారి నేను చెప్పులు కూడా సరిగ్గ తొడుక్కోకుండా బండి తీసిన.

కానీ నిజం చెప్పాలంటే మీ డబ్బుకి నేను మొదటి చోటు ల్యాబ్‌ని చెప్పను. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ల్యుకేమియా రకం చాలామందికి నయమవుతది, కాని చికిత్స రెండు మూడేళ్లు పడుతది. ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులకి సిటీల ఉండడానికి చోటు ఉండదు, కూలి పోతది, చార్జీలు. నాలుగు నెలలకి పిల్లగాడు కొంచెం తేరుకుంటడు, ఇంక బాగైపోయిందని ఇంటికి తోలుకపోతరు. జబ్బు తిరగబెట్టినంక వస్తరు. మందు లేక పోయినోళ్ల కంటే చికిత్స మధ్యలో ఆగి పోయిన పిల్లల కోసమే నాకు ఎక్కువ బాధ. పేషెంట్లు ఉండడానికి రెండు గదులు, బస్సు చార్జీలు, తారీకుకి రాకపోతే ఫోన్ చేసి పిలిచే ఒక మనిషి జీతం. ఇది పెడితే ప్రాణాలు నిలబడతయి, పరిశోధనకి సరైన లెక్కలు కూడా దొరుకుతయి. ఎవరు వచ్చిండ్రు, ఎవరు ఆగిపోయిండ్రు అన్నది తెలియకపోతే ఏ మందు పనిచేసిందో మాకెట్ల తెలుస్తది?

మీ రాష్ట్రంలనే కావాలంటే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అది టాటా మెమోరియల్ వాళ్లదే. తిరుపతిలో టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన క్యాన్సర్ సంస్థ 2022లో మొదలైంది. ఒకసారి పోయి సోషల్ వర్కర్‌ని కలవండి. డైరెక్టర్ గారి రూంల కంటే సోషల్ వర్కర్ టేబుల్ దగ్గర ఎక్కువ సంగతులు తెలుస్తయి.

కృష్ణ ఒడ్డు:

అందరూ పెద్ద పెద్ద మాటలు చెప్తున్నారు. అన్నా, డబ్బు పుట్టిన మట్టికి ముందు పెట్టు. నీ మిల్లుకి మినుములు వచ్చింది మా లంక పొలాల నుంచీ, మాగాణి నుంచీ. టాటాలకి బొంబాయి ఉంది, మాకెవరున్నారు?

కానీ వాటర్ ప్లాంటు అడిగారు కాబట్టి ఒక హెచ్చరిక. మా పక్క ఊళ్లో ఒక దాత ఆర్‌వో ప్లాంటు పెట్టించాడు. గ్రానైటు పలక, దాని మీద ఫొటో, అన్నీ బాగున్నాయి. రెండో వేసవికి నీళ్లు వడగట్టే మెంబ్రేన్ పట్టేసింది, నీళ్లు దారంలా కారేవి. ప్రీఫిల్టర్ క్యాట్రిడ్జీలు మార్చినవాడు లేడు. తాళం ఒక పార్టీ వాళ్ల దగ్గర, మోటారు స్టార్టరు ఇంకో పార్టీ వాళ్ల దగ్గర. ఇప్పుడు జనం మళ్లీ ప్రైవేటు క్యాన్లే కొంటున్నారు. పలక మాత్రం తళతళా మెరుస్తోంది, ఎవరో తుడుస్తున్నారు కూడా.

ప్లాంటు పెట్టేముందు క్యాన్‌కి ఇంత అని తీసుకునే ఏర్పాటు, ఆ డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా, ఒక కుర్రాడికి జీతం, ఇవి తేల్చుకో. డ్వాక్రా ఆడవాళ్లకి అప్పగించు. మగవాళ్ల కమిటీ వేస్తే ఎన్నికల దాకా కూడా ఆగదు. వాడేసిన ఉప్పు నీళ్లు ఎక్కడికి వదులుతారో కూడా చూసుకో, పక్కవాడి పొలంలోకి వెళ్తే అదో పంచాయితీ.

పాత లెడ్జరు:

కృష్ణ ఒడ్డు బాబూ, నీ మాట కాదనను. కానీ డబ్బు పుట్టిన చోటే ఖర్చవ్వాలంటే ఎల్వీ ప్రసాద్ గారి ఆసుపత్రి మద్రాసులో వచ్చేది, ఆయన వ్యాపారం ముఖ్యంగా అక్కడే కదా. పని ఎక్కడ కావాలో అక్కడ పెట్టాడు. అయినా నువ్వు చెప్పిన రెండు పార్టీల తాళాల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం.

తెనాలి మిల్లు:

అందరికీ ధన్యవాదాలండీ. రాత్రి భోజనాలయ్యాక ఇదంతా ఇంట్లో చదివి వినిపించాను. ఫ్రీజర్ తాళం గారు పిల్లల గురించి రాసింది విని మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అమ్మ మంచం పక్క మంచం మీద ఏడేళ్ల పాప ఉండేదట. వాళ్ల నాన్న కూలి పని మీద ఊరెళ్లి తిరిగి రావడానికి చార్జీలు లేక రెండు వారాలు ఆగిపోయాడట. నాకు ఆ సంగతే తెలియదు, నేను బిల్లుల కౌంటర్ దగ్గర తిరుగుతుండేవాణ్ని.

ప్రస్తుతానికి ఇలా అనుకున్నాం. ఎనిమిది లక్షలు క్యాన్సర్ పిల్లల బసకీ, చార్జీలకీ, ఫోన్ చేసే మనిషి జీతానికీ. వచ్చే నెల నేనూ మా ఆవిడా విశాఖ వెళ్లి సోషల్ వర్కర్‌ని కలుస్తాం. పద్యం నేర్పే గురువుగారి జీతానికీ పిల్లల దారి ఖర్చులకీ నాలుగు లక్షలు, గోడౌన్ మూల ఎలాగూ ఖాళీగా ఉంది. మిగిలింది ఊరి ప్లాంటుకి, అదీ డ్వాక్రా సంఘం ఒప్పుకుని ఖాతా తెరిచాకే. ఆర్చి తమ్ముడు తన వాటాలోంచి కట్టుకుంటానన్నాడు. వద్దనలేదు, వాడి సరదా వాడిది.

ఆడిటర్ గారూ, ఒక్క అనుమానం. మూడేళ్లు ఇస్తామని కాగితం మీద రాసివ్వాలా? పప్పు ధర పడిపోయిన ఏడు ఇవ్వలేకపోతే?

గుంటూరు ఆడిటర్:

రాసివ్వండి, కానీ మొత్తం పదిహేనుకీ వద్దు. జీతాల వరకే మూడేళ్ల మాట ఇవ్వండి. ఫోన్ చేసే మనిషి, గురువు, ప్లాంటు కుర్రాడు, వీళ్లెవరూ మీ మినప ధరల మీద బతకలేరు కదా. ఆ మేరకు ఒక ఏడాది జీతాలు ముందే ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి పక్కన పెట్టుకోండి. మిగతాది లాభాన్ని బట్టి. గురువుగారికి నేరుగా ఇచ్చే జీతానికి 80జి రాదు, అది మీ సొంత ఖర్చే, ముందే చెప్తున్నా.

రెండో బెల్లు:

గురువుగారిని నేను చూపిస్తాను. మనిషి కోపిష్టి, పిల్లల్ని తిడతాడు, ఫీజు అడిగితే అవమానంగా ఫీలవుతాడు. జీతం అనకుండా నెలనెలా బియ్యం ఖర్చులకి అని ఇంటికి పంపండి. ఇంకో మాట, గోడౌన్‌లో పప్పు దుమ్ము ఉంటే గొంతులు పాడవుతాయి, మూల కాకుండా ముందు వరండా ఇవ్వండి.